రెండో గేటు అప్పన్న కొలువు దిగిన సాయంత్రం

కొండ మీది గది తాళంచెవి అడగడానికి వచ్చిన కుర్రాళ్ళను నేను వెంటనే కూర్చోమనలేదు. తాళం అడిగే మనిషి ముందు తన పేరూ, కాల్‌సైనూ చెప్పాలన్నది మా నాన్న పెట్టిన పద్ధతి. లైసెన్సు తీసుకుని సొంతంగా వైర్‌లెస్ నడిపే హ్యామ్ రేడియో వాళ్ళకు ప్రభుత్వమిచ్చిన కాల్‌సైనే ఇంటిపేరు. కుర్రాళ్ళు మంచివాళ్ళే, పొరపాటు గ్రహించి చెప్పారు. అప్పుడు కూర్చోబెట్టి జీడిపప్పు ఉప్మా పెట్టాను. సుమ్మాదేవి స్టేషను దగ్గర పట్టాలకు పడమటగా కనిపించే రాతి కొండ మాది. టెక్కలి వైపు కొండల్ని కోసుకుంటూ వచ్చిన గ్రానైటు మరలు ఇప్పుడు మా పక్క కొండను పట్టాయి. పేలుళ్ళకు గది గోడ బీటలిచ్చింది. లోపలున్న పాత వైర్‌లెస్ రిపీటర్‌ను దించేసి, వేరే ఎత్తు మీద పుస్తకమంత మందం ఉండే కొత్త పెట్టె ఒకటి పెట్టుకుంటామని వాళ్ళు అడిగారు. నేను ఒప్పుకున్నాను. దించేటప్పుడు దగ్గరుండాలని నేనూ కొండెక్కాను. మోకాళ్ళు ఒప్పుకోకపోయినా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

పెట్టె మూత తీయగానే పాత వార్నిష్, కాలిన దుమ్ము, రెసిన్ కలిసిన వాసన వచ్చింది. అది మా నాన్న చొక్కా వాసన. కుర్రాళ్ళలో ఒకడు అడిగాడు, "దీంట్లో మొదట మాట్లాడింది ఎవరు మేడం?" మా నాన్న అన్నాను. "ఏమన్నారు?" అన్నాడు. ఏమంటారు, కాల్‌సైను చెప్పారు అన్నాను. అది నిజం కాదు. ఆ పెట్టెలో మా నాన్న పలికిన మొదటి మాట ఆయనకు హక్కు లేని ఫ్రీక్వెన్సీలో, ఆయనది కాని పేరుతో, బతికి లేని మనిషితో పలికినది. నాకు తెలిసి ఆయన చట్టం దాటింది జీవితంలో ఆ ఒక్కసారే. ఆయన పోయి చాలాకాలమైంది. ఇంక పెట్టె కూడా పోతోంది కనక చెప్పవచ్చు.

మా కుటుంబం సంగతి ఎక్కువ చెప్పను. ఉన్నవాళ్ళు చెప్పుకోరు, పోగొట్టుకున్నవాళ్ళే చెప్పుకుంటారని నాన్న అనేవారు. ఉద్దానంలో కొబ్బరి తోటలూ, టెక్కలి పక్కన పల్లపు భూములూ మా తాతగారి చేతుల్లోనే కరిగిపోయాయి. కొనేవాడు దొరకని రాతి కొండ మాత్రం మిగిలింది. నేను పుట్టేసరికే మేము కాశీబుగ్గలో, జీడి బట్టీ వెనక ఒక అద్దె వాటాలో ఉండేవాళ్ళం. పిక్కలు కాల్చిన పొగ పొద్దున్నే కిటికీలోంచి వచ్చి ఆరేసిన బట్టల్లో దూరేది. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాళ్ళు ఆ వాసనకు జరిగితే నేను జరగనిచ్చేదాన్ని, నేను మాత్రం కదిలేదాన్ని కాదు. నాన్న టెక్కలి కాలేజీ లేబరేటరీలో డెమాన్‌స్ట్రేటరు. బస్సులో సీటు దొరికినా వీపు ఆనించకుండా కూర్చునేవారు. ఇస్త్రీ మడత నలగకూడదని జనం అనుకునేవారు. అది కాదు. ఆనుకోవడం మా ఇంట్లో లేదు.

నాయనమ్మకు సాయంత్రం దీపం పెట్టాక ఒక కథ చెప్పే అలవాటు ఉండేది, ఎప్పుడూ అదే కథ. అంతా పోయిన రోజున తాతగారు పనివాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచారట. వీధి వాకిలి కావలి మొదలు పశువుల కొట్టంలో పిల్లవాడి దాకా ప్రతి ఒక్కరి చేతిలో కొత్త బట్టా, తాంబూలమూ పెట్టి, "నీ కొలువు అయింది, ఇంటికి వెళ్ళు" అన్నారట. కొలువు దింపడం అనేవారు దాన్ని. దింపకుండా పొమ్మంటే మనిషి పోతాడు గానీ ప్రాణం ఆ గుమ్మంలోనే తిరుగుతుందని నాయనమ్మ నమ్మకం. "భూములు పోగొట్టారు గానీ మీ తాతగారు ఒక్క మనిషిని కూడా గుమ్మంలో వదిలెయ్యలేదే" అని ముగించేది. నాన్న ఆ మాట వినపడే దూరంలోనే కూర్చుని సోల్డరింగ్ చేసుకుంటూ ఉండేవారు, తల ఎత్తేవారు కాదు.

ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డున రొయ్యల చెరువులు తవ్విన ఒక కంపెనీ ఉండేది. బయటి నుంచి వచ్చింది, కొన్నాళ్ళు వెలిగింది, రొయ్యలకు తెగులు వచ్చాక చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. చెరువుల మధ్య మాట్లాడుకోవడానికి వాళ్ళు పెట్టుకున్న రిపీటర్, ఒక గోనెసంచీడు చేతి సెట్లూ కాశీబుగ్గ పాత ఇనుము కొట్లో తేలాయి. రిపీటర్ అంటే ఎత్తు మీద కూర్చుని, కింద ఎక్కడో బలహీనంగా పలికిన మాటను విని, అదే క్షణంలో బలంగా తిరిగి పలికే పెట్టె. తుఫానొస్తే మా తీరానికి మొదట పోయేది టెలిఫోను. మా కొండ మీద ఆ పెట్టె ఉంటే సముద్రపు ఒడ్డున చిన్న సెట్టు పట్టుకున్నవాడి మాట కూడా టెక్కలి దాకా వినిపిస్తుంది. ఆ ఆలోచన వచ్చాక నాన్నకు నిద్ర లేదు, పెట్టెనూ సంచీనీ కలిపి కొనేశారు.

మాకు సాయం వచ్చింది కామేశం మావ. వరసకు మావ, రైల్వే సిగ్నల్ డిపార్టుమెంటులో పని. పెట్టెను కొండెక్కిస్తున్నంతసేపూ ఆయన నోరు ఆగలేదు. "ఏటి బావా, ఎస్టేటు పోనాది గానీ ఎట్టిసాకిరీ సేయించుకోడం పోనేదు మీ ఇంట్లో" అనేవాడు.

"నీకు బరువైతే దించు. అమ్మాయి మోస్తుంది" అనేవారు నాన్న.

"అమ్మాయి మోస్తే నా మీసం ఏటవుద్ది బావా."

పని నిజంగా చాలానే ఉంది. కంపెనీవాళ్ళ ఫ్రీక్వెన్సీ వేరు, హ్యాములకు కేటాయించింది వేరు. పెట్టె ఏ ఫ్రీక్వెన్సీలో పలకాలో నిర్ణయించేవి గోరంత క్రిస్టళ్ళు. కొత్తవి బెంగుళూరులో కోయించి తెప్పించాలి. వినే తీగా, పలికే తీగా ఒకదాన్ని ఒకటి ముంచెయ్యకుండా విడదీసే రాగి డబ్బాలు ఉంటాయి, ఒక్కొక్కటీ కుంచమంత. వాటి లోపలి కడ్డీలను వెంట్రుకవాసి జరుపుతూ శ్రుతి చేయాలి. ఆ పని నాన్న నాకే అప్పగించారు. కాలేజీలో తంబురా శ్రుతి చేసినదాన్ని, చెయ్యి నిలకడగా ఉంటుందని. క్రిస్టళ్ళు వచ్చేలోగా పెట్టె బతికే ఉందో లేదో చూద్దామని, పాత క్రిస్టళ్ళతోనే, వినే భాగానికి మాత్రం యాంటెన్నా తగిలించి కరెంటిచ్చాం. పలికే భాగాన్ని నాన్న విప్పి పక్కన పెట్టారు. మనది కాని ఫ్రీక్వెన్సీలో పొరపాటున కూడా ఒక్క చప్పుడు వెళ్ళకూడదని.

సాయంత్రమైంది. కింద సుమ్మాదేవి స్టేషనులో దీపం వెలిగింది. స్పీకరు బుస్సుమని, ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి ఒక ఆడగొంతు, ఊపిరి తీసుకుని, పాఠం అప్పజెప్పినట్టు పలికింది.

"కంట్రోలు, కంట్రోలు. రెండో గేటు అప్పన్నని మాటాడతన్నాను. గట్టు బాగుంది. నీరు బాగుంది. మనిసి బాగున్నాడు."

కాసేపు గాలి చప్పుడు. అదే మాట మళ్ళీ ఒకసారి. తర్వాత ఏమీ లేదు.

కామేశం మావ నవ్వబోయి ఆగిపోయాడు. "ఆడకూతురు గొంతు కదా బావా. అప్పన్నేటి?" అన్నాడు. నాన్న స్విచ్చి కట్టేశారు. "మనది కాని ఫ్రీక్వెన్సీలో విన్నది విననట్టే. అది లైసెన్సు షరతు" అన్నారు. కానీ మర్నాడు సాయంత్రం అదే వేళకు స్విచ్చి వేసింది ఆయనే. మళ్ళీ అదే గొంతు, అవే మాటలు, అలాగే రెండుసార్లు. ఆ తర్వాత రోజూ అంతే. ఖాళీ అయిపోయిన కంపెనీ ఫ్రీక్వెన్సీలో, ఎవరూ లేని కంట్రోలు రూమును, ఒక స్త్రీ తాను అప్పన్ననని చెప్పి పిలుస్తోంది. ఆ మూడో వాక్యం దగ్గర గొంతు కాస్త గట్టిపడేది. మనిషి బాగున్నాడు. కొండ దిగుతుంటే ఆ మాట మా వెనకే దిగుతున్నట్టుండేది.

ఇంట్లో నాయనమ్మ మా ముఖాలు చూసి విషయం రాబట్టింది. "ఎన్నిసార్లు పిలుస్తోంది?" అంది.

"రెండుసార్లు."

"అయితే పలక్కండి. సందెవేళ పిలుపుకు మూడోసారి దాకా పలక్కూడదు. మూడోసారి పిలవలేనివి కొన్ని ఉంటాయి."

క్రిస్టళ్ళు పోస్టులో వచ్చాయి. నాన్న ఆ పొట్లం విప్పకుండా అటక మీద పెట్టారు. కామేశం మావ వచ్చినప్పుడల్లా అడిగేవాడు, "మార్సీ బావా, గొడవ ఒదిలిపోద్ది. మన బేండుకి వొచ్చీసినాక ఆయమ్మ మనకి ఇనబడదు." నాన్న ఒకనాడు జవాబు చెప్పారు. "మనకు వినబడదు. ఆమె పిలవడం మానదు. చెవులు మూసుకుని తలుపు వేసుకోవడం ఎలాగో నాకు తెలీదు కామేశం. నాకెవరూ నేర్పలేదు." ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డుకు బయల్దేరారు. గాలిలో జవాబివ్వడం నేరం గానీ కాళ్ళతో వెళ్ళడం నేరం కాదన్నారు.

బస్సు దిగి జీడితోటల్లోంచి చాలాదూరం నడిచాం. రాలి మగ్గిన జీడిపండ్ల వాసన తలకెక్కుతోంది. తోటలు ఒక్కసారిగా ఆగిపోయి ఇసుకా, సరుగుళ్ళూ వచ్చాయి. వాటి అవతల చెరువులు. నీళ్ళు ఎండి అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంది. నీటికి గాలి పట్టించే చక్రాలు ఆ ఎండు చెరువుల నడుమ నిలబడి, సముద్రపు గాలికి కొంచెం కొంచెంగా తిరుగుతున్నాయి. నీరు బాగుంది అన్న మాట గుర్తొచ్చింది. గట్టు కింద వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ని రెండో గేటు అప్పన్న ఎక్కడుంటాడని నాన్న అడిగారు.

"అప్పన్నా? ఆడు పోయి ఏడాది అవతాది బాబూ" అన్నాడాయన వలలోంచి తల ఎత్తకుండా. "సందేలకి రండి, గట్టు మీద ఉంటాడు."

హాస్యమాడుతున్నాడేమోనని ఆయన ముఖం చూశాను. అలా లేదు.

అప్పన్న భార్య పేరు పోలమ్మ. కంపెనీ షెడ్డు పక్కన తాటాకు పాకలో ఉంటోంది. చేపలు ఆరబెడుతున్నది మమ్మల్ని చూసి లేచి నిలబడింది. షెడ్డు కప్పు మీద సోలారు పలక, దాని తీగ చివర గోడకు వేలాడుతున్న చేతి సెట్టు. సెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది.

"సాయంత్రం పిలుస్తున్నది నువ్వేనా అమ్మా?" అన్నారు నాన్న.

ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఇనబడతందా బాబూ" అంది. "మీరు కంట్రోలా?"

నాన్నకు అబద్ధం రాదు. కాదు అన్నారు. ఒక్క మాట చెప్పడానికి ఆయన అంత కష్టపడటం నేనెన్నడూ చూడలేదు.

పోలమ్మ కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చి, కింద కూర్చుని, తీరిగ్గా చెప్పింది. "మా దిక్కు జబ్బే బాబూ, కిడ్నీలది. ఆడికి ఒంట్లో బాగునేనప్పుడు నన్నే పిలిసీమనీవోడు. 'నువ్వు అప్పన్నని అను, కంపినీవోల్లకి ఆడగొంతో మగగొంతో పట్టదు' అనీవోడు. పిలిస్తే అవతల నుంచి 'సరే అప్పన్నా' అనీవోరు. అది ఇన్నాకే ఆడు గట్టు దిగీవోడు. ఒకనాడు ఆ మాట రానేదు. మరింక రానేదు. పిలిసి పిలిసి పోనాడు. పెద్దదినం నాడు కాకి పిండం ముట్టనేదు. ఏటి కోరిక ఉండిపోనాదో అడగమన్నారు పెద్దోల్లు. కోరికేటి బాబూ. డూటీ. ఆణ్ణి దిగమని సెప్పినోడు ఎవుడూ నేడు."

"గట్టు మీద నువ్వు చూశావా అతన్ని?" అన్నాను నేను.

"నేదు తల్లీ. తెల్లారి ఇసకలో అడుగులు ఉంటాయి. ఎల్లిన అడుగులే. తిరిగొచ్చిన అడుగులు ఉండవు."

"మరి మనిషి బాగున్నాడని ఎందుకు చెప్తున్నావు?" అన్నారు నాన్న.

"పోనాడంటే బయపడి జవాబియ్యరేమోనని."

ఇంటికొచ్చాక నాన్న కాళ్ళు కడుక్కుని, "అమ్మా, ఒక కొత్త పంచె కావాలి" అన్నారు. నాయనమ్మ ట్రంకుపెట్టె తెరిచి, తాతగారి కోసం నేయించినవాటిలో మిగిలిన ఒకే ఒక్క పంచెల చాపు తీసింది. "ఎవరి కొలువు?" అంది. మనది కాదన్నారు. "మరి మనమెందుకు?" అంటే, "దింపవలసినవాళ్ళు లేరు కనక" అన్నారు. ఆమె ఆకులూ వక్కలూ సర్దింది. కామేశం మావ మాత్రం ఊరుకోలేదు. "బావా, ఎవడైనా ఇంటే లైసెన్సు పోద్ది. నీకున్నదే అదొక్కటి" అన్నాడు. అది నిజం. ఊళ్ళో నాన్నను పాత గౌరవంతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఆ కాల్‌సైనుతో పిలిచేవాళ్ళు తప్ప. నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "భూములు పోలేదూ" అన్నారు.

మరుసటి సాయంత్రం నాన్నా, కామేశం మావా కొండ మీద ఉన్నారు. పలికే భాగానికి మొదటిసారి యాంటెన్నా తగిలించారు, పాత క్రిస్టళ్ళతోనే. నేను పోలమ్మతో రెండో గేటు దగ్గర ఉన్నాను. షెడ్డు గుమ్మంలో అరిటాకు పరిచి పంచే, తాంబూలమూ పెట్టాం. ఆమె దీపం వెలిగించి, రోజూలాగే సెట్టు మీట నొక్కి, గట్టు బాగుంది, నీరు బాగుంది అంది. మూడో వాక్యం దగ్గర ఆగింది. చెప్పలేదు. సెట్టును ఆకు మీద పంచె పక్కన పెట్టేసి వెనక్కి జరిగింది. నేనూ జరిగాను.

సెట్టు పలికింది. అది నాన్న గొంతని నాకు వెంటనే తెలియలేదు. అంత విశాలమైన గొంతు మా అద్దె వాటాలో ఎప్పుడూ పట్టలేదు.

"రెండో గేటు అప్పన్నా. కంట్రోలు మాట్లాడుతున్నాను. నీ గట్టు చూశాం, బాగుంది. నీ నీరు చూశాం, బాగుంది. నీ కొలువు అయింది. ఇంటికి వెళ్ళు."

పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. విన్నామని బదులు చెప్పవలసింది, మా ఇద్దరిలో ఎవరమూ సెట్టు ముట్టుకోలేదు. రిపీటర్ మామూలుగా కొన్ని క్షణాలు తెరుచుకుని ఉండి మూసుకుంది. సెట్టు మీది చిన్న లైటు ఆరింది.

తర్వాత మళ్ళీ వెలిగింది. ఎవరో మీట నొక్కారు. మాట లేదు. గాలి, దాని వెనక సముద్రం. నేను ఎదురుగా ఉన్న సముద్రాన్ని చూస్తున్నాను. అక్కడ అల విరిగిన క్షణంలోనే సెట్టులోనూ అల విరుగుతోంది. మళ్ళీ విరిగింది, మళ్ళీ కలిసింది. మీట నొక్కినవాళ్ళు ఎవరైనా ఆ ఒడ్డునే, మేము పిలిస్తే పలికేంత దూరంలో నిలబడి ఉండాలి. పోలమ్మ సెట్టు కాదు, అది ఆకు మీద ఉంది. పైగా చేతి సెట్టు మీట నొక్కి ఉన్నంతసేపూ దానిలో ఏదీ వినిపించదు. కంపెనీ మిగతా సెట్లన్నీ బ్యాటరీలు లేకుండా మా ఇంటి గోనెసంచీలో ఉన్నాయి. గట్టు మీద ఎవరూ లేరు. గాలి ఆగి ఉంది. సెట్టులో మాత్రం గాలి వీస్తూనే ఉంది, అడుగులో అడుగేసి నడుస్తున్నవాడి చేతిలో వీచినట్టు. చాలాసేపటికి టప్పున మూసుకుంది. పోలమ్మ లేచి, నా ముఖం చూడకుండా, ఆకు మడిచి లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు నాన్న క్రిస్టళ్ళు మార్చారు, నేను డబ్బాలు శ్రుతి చేశాను. ఆ పెట్టె తర్వాత ఎన్నో తుఫానుల్లో పలికింది. కొబ్బరిచెట్లు వరుసలకు వరుసలు పడిపోయిన రోజున ఉద్దానం ఊళ్ళ మాట బయటికి మోసింది అదే. కామేశం మావకు ఒడ్డున మేము విన్న సంగతి చెబితే, సముద్రం మీద గాలి స్తంభిస్తే ఎక్కడెక్కడి మాటలో దొర్లుకుంటూ వస్తాయని, బర్మా పడవ ఏదో అయి ఉంటుందని అన్నాడు. కావచ్చు. అలలు కలిసిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు కంపెనీలు వస్తున్నాయి, కొండల్ని కోస్తున్నాయి, పోతున్నాయి. పక్క కొండ కావలివాడికి మొన్న ఫోనులో రెండు ముక్కల మెసేజీ వచ్చిందట, రేపటి నుంచి రావద్దని. ఎవరు పంపారో అతనికి తెలీదు. జవాబు పెడితే వెళ్ళలేదు. మొన్న తాళంచెవికి వచ్చినప్పుడు కుర్రాళ్ళు తెచ్చిన కొత్త పెట్టె ఎంత సన్నగా, ఎంత చక్కగా పనిచేస్తుందో చూశాను, మెచ్చుకున్నాను కూడా. తెలియని సెట్టు పిలిస్తే అది అసలు తెరుచుకోదట. వినదట. అదే దాని గొప్పని చెప్పారు.

అప్పుడు, రెండో గేటు నుంచి ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి నాన్న భోజనానికి కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే మందలించారు. "విన్నట్టు మీట నొక్కడం సరే. అంతసేపు ఏమీ మాట్లాడకుండా నొక్కి ఉంచడం పద్ధతి కాదు. అది పోలమ్మకు తెలియకపోవచ్చు, నీకు తెలియాలి."

మేము నొక్కలేదని చెప్పాను. సెట్టు ఆకు మీదే ఉందని చెప్పాను. నాయనమ్మ వడ్డిస్తున్న చెయ్యి ఆపింది. నాన్న అన్నం కలుపుతున్నవారు కలపడం ఆపి, కాసేపు గుమ్మం వైపు చూసి, వీపు ఇంకొంచెం నిటారుగా పెట్టుకున్నారు.

"అయితే చెప్పి వెళ్ళాడు" అన్నారు. "మర్యాద తెలిసిన మనిషి."